గుమ్మానికి అడ్డంగా రేగుకంప

కోడేరు టపా,
20 అక్టోబరు 1938

చెల్లె జమ్ములమ్మకు అన్న బక్కయ్య దీవెనలు. నేను చెబుతున్నాను, బడిపంతులు తిరుపతయ్య రాస్తున్నాడు.

ఇక్కడ అందరం బాగున్నాం. జొన్న కంకి పట్టింది. కరువు ఏడు నువ్వూ నీ పెనిమిటి దేవరాజూ రోడ్డు పనికి పట్నం పోతూ మా చేతిలో పెట్టి వెళ్లిన పిల్లకు ఇప్పుడు తొమ్మిదో ఏడు నడుస్తోంది. ఈదమ్మను పిట్టలు తోలమని మంచె ఎక్కిస్తే, వడిసెల పక్కన పెట్టి మబ్బులు చూస్తూ కూర్చుంటుంది. పిట్టలు తినేవి తింటాయి. మీ వదినె తిడుతుంది. "మామా, గా మబ్బు పట్నం మీదికెల్లి వస్తుందా?" అని నన్ను అడుగుతుంది. అవునంటాను. ఆ రోజంతా ఆ మబ్బుతోనే మాట్లాడుతుంది.

చలికాలం దాటేలోగా పిల్లను పంపమని, పట్నం బడిలో వేస్తానని రాశావు. నా మాట కూడా విను. పంతులు రోజూ పొద్దున గడీకి వెళ్లి దొరకు పత్రిక చదివి వినిపిస్తాడు. వాకిలి ఊడ్చే వంతు నాది వచ్చినప్పుడు నేను అరుగు కింద నిలబడి వింటాను. పోయిన నెల పట్నంలో జేబులు కోసినవి ఏడు, ఇళ్లు దోచినవి పన్నెండు, కత్తిపోట్లు మూడు, పిల్లలను ఎత్తుకుపోయినవి రెండు. మొత్తం ఇరవై నాలుగు. నాకు చదువు రాకపోయినా గోడ మీద బొగ్గుతో గీతలు గీసి పెట్టాను.

మన ఊళ్లో తాళం మొహం చూసినవాళ్లు ఎందరు? చేనికి పోతూ గుమ్మానికి అడ్డంగా రేగుకంప వేస్తాం. కంప ఉందంటే లోపల మనిషి లేడని అర్థం, ఇక ఎవరూ అటు రారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఈ ఊళ్లో ఒక్క దొంగతనం లేదు. ఇలాంటి చోటు వదిలి ఆ ఇరవై నాలుగు గీతల్లోకి పిల్లను ఎలా పంపమంటావు?

మొన్న కల వచ్చింది. నువ్వు తెల్లటి రోడ్డు మీద పోతున్నావు. దుమ్ము లేదు, నీ అడుగులు పడటం లేదు. పిలుద్దామంటే గొంతు రాలేదు. అమ్మ చెప్పినట్టు పొద్దున్నే వాగు దగ్గరికి పోయి ఆ కలను పారే నీళ్లకు చెప్పి వచ్చాను.

ఇది పంతులు మాట: ఇక్కడ మీ అన్న నా చెయ్యి పట్టుకుని, "పిల్లను పంప, గంతే. గట్లనే రాయి పంతులూ" అన్నాడు. అలాగే రాశాను.

ఇట్లు
బక్కయ్య వేలిముద్ర


హైదరాబాదు,
6 నవంబరు 1938

అన్నకు జమ్ములమ్మ మొక్కులు. ఈ అక్షరాలు నావే. నేను ఊడ్చి తుడిచే బడిలో ఏసురత్నం టీచరమ్మ మధ్యాహ్నం పూట కూర్చోబెట్టి నేర్పింది. వంకరగా ఉన్నా పంతులుగారు నవ్వకుండా చదివి వినిపించాలి.

నీ బొగ్గుగీతల సంగతి టీచరమ్మకు చెప్పాను. ఆమె పలక తీసుకుని లెక్క వేసింది. పట్నంలో నాలుగు లక్షల మంది పైగా ఉన్నారట. మన ఊళ్లో నాలుగు వందలు. అంటే ఈ పట్నంలో మన ఊళ్లు వెయ్యి ఉన్నట్టు. వెయ్యి ఊళ్లలో నెలకు ఇరవై నాలుగు. మన ఊరంత జనానికి మూడున్నరేళ్లకు ఒక్కసారి వంతు వస్తుందన్నమాట. "మీ అన్న గీతలు గీశాడు కానీ మనుషులను లెక్కపెట్టలేదు" అని నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. కోపం తెచ్చుకోకు.

నీకు అబద్ధం చెప్పను. వచ్చిన కొత్తలో నేనూ కంపనే నమ్ముకున్నాను. మూసీ ఒడ్డున వెతికి తుమ్మకంప తెచ్చి, గుమ్మానికి అడ్డంగా వేసి పనికి పోయేదాన్ని. సాయంత్రం వస్తే కంప ఉండేది కాదు. మూడు రోజులు ఇదే తంతు. పట్నంలో కంపను కూడా దొంగిలిస్తారా అని బెదిరిపోయాను. నాలుగో రోజు పక్కింటి బూబమ్మ కొంగు నడుముకు చుట్టుకుని వచ్చింది. "ఎవడో పాడుగాడు రోజు నీ గుమ్మంల ముండ్లు ఏసి పోతుండు బిడ్డా. నేనే తీసి పొయ్యిల పెడుతున్న. నువ్వు జర పైలం" అన్నది. నేను అక్కడే కూలబడి నవ్వాను. లోపలికి పోయి చూస్తే అమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు లేదు. అప్పటి నుంచి తాళం వేస్తున్నాను. బూబమ్మ తన గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ నా తాళానికి కాపలా కాస్తుంది. ఈ మూడేళ్లలో నాకు పోయింది ఆ చెంబు ఒక్కటే.

సాయంత్రాలు పని నుంచి నడిచి వస్తుంటే అరికాళ్లకు రోడ్డు వెచ్చగా తగులుతుంది. అది దేవరాజు వాళ్లు పోసిన సిమెంటు రోడ్డు. నీ కలలో చూసిన తెల్ల రోడ్డు అదే అయి ఉంటుంది. మూసీ మీద పొగమంచు లేచే వేళకు మీనార్లు కాళ్లు లేకుండా గాలిలో నిలబడతాయి. ఆ మంచులో నాకు మన జొన్నచేను కనిపిస్తుంది. మధ్యలో మంచె, మంచె మీద పిల్ల. పిలిస్తే తిరిగి చూడదు. అది కలో మెలకువో నాకే తెలియదు. మబ్బు పట్నం మీది నుంచే వస్తుందని దానికి చెప్పు.

పంపు అన్నా. దాని చేతిలో పలక చూడాలని ఉంది.

నీ చెల్లెలు
జమ్ములమ్మ


కోడేరు టపా,
28 నవంబరు 1938

జమ్ములమ్మకు,

నీ ఉత్తరం పంతులు రెండుసార్లు చదివాడు. లెక్క నాకు ఎక్కలేదు. చెంబు ఎక్కింది.

అమ్మ ఆ చెంబుతో నాకు నీళ్లు పోసింది, నీకు నీళ్లు పోసింది. దాని మూతి దగ్గర సొట్ట నేను పడేస్తే పడ్డది. అది పోయిందని నవ్వుతూ రాశావు. ఇరవై అయిదో గీత గీశాను. వెయ్యి ఊళ్లు అంటావు, మూడున్నరేళ్లు అంటావు. పోయింది మన చెంబే కదా. చెంబును కాయలేనిదానివి బిడ్డను ఏం కాస్తావు?

ఈ మాట రాయనని పంతులు కలం పక్కన పెట్టాడు. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. నాకు కోపం వచ్చింది, దాచుకోను. పిల్ల ఇక్కడే ఉంటుంది. ఇక్కడ దానికి ఏ భయమూ లేదు. ఊళ్లో అందరూ దాన్ని మెచ్చుకుంటారు.

బక్కయ్య వేలిముద్ర

పంతులు కలుపుతున్నది: ఊరి కబురు ఒకటి. గడీలో చిన్న దొరసానికి ఫాల్గుణంలో పెళ్లి. కృష్ణ అవతలి సంబంధం. పెళ్లికూతురి వెంట అత్తవారింటికి పంపడానికి చురుకైన ఆడపిల్లలను ఎంచుతున్నారు. ఈదమ్మ పేరు కూడా వినిపించింది. మీ సంతోషం కోసం రాశాను. ఈ ముక్క మీ అన్నకు ఇంకా చదివి వినిపించలేదు.


హైదరాబాదు,
15 డిసెంబరు 1938

అన్నా,

ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు. ఏసురత్నం టీచరమ్మ తమ్ముడు ప్రార్థనలు చెప్పడానికి నాగర్‌కర్నూలు దాకా వస్తూ, చేని దగ్గరికి వచ్చి నీకు చదివి వినిపిస్తాడు. విన్నాక పొయ్యిలో వెయ్యి. తిరుపతయ్య కంట పడనీయకు.

పంతులు నీకు చదవకుండా ఒక ముక్క రాసి పంపాడు. పెళ్లికూతురి వెంట పంపే పిల్లలలో మన ఈదమ్మ పేరు ఉందట. సంతోషించమని రాశాడు. గడీ ఉప్పు తినే మనిషికి అది సంతోషమే. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. చదివాక బూబమ్మ వచ్చి లేపే దాకా లేవలేదు.

ఊహ తెలిసినప్పటి నుంచి దొంగతనం లేదని గొప్పలు రాశావు. మన అక్క రేణుకమ్మ ఏ లెక్కలో పడింది? పెద్ద దొరసాని పెళ్లికి పల్లకి వెనక నడిపించుకుని పోయారు. అప్పుడు అక్కకు పదకొండేళ్లు. వాళ్ల ఇంట్లో నీళ్లు మోసిందో, వాళ్ల మగవాళ్లు ఏం చేశారో, బతికి ఉందో లేదో మనకు తెలియదు. అడిగితే నాన్నను కొట్టారు. ఆ వార్త ఏ పత్రికలో వచ్చింది? నీ గోడ మీద దానికి గీత ఏదీ? పట్నంలో చెంబు పోతే ఠాణాకు పోయి చెప్పుకోవచ్చు. మన ఊళ్లో మనిషి పోయినా ఎవరికీ చెప్పుకోలేకపోయాం.

నువ్వు దీనికి ఒప్పుకున్నావా అని ఒక పూట అనుకున్నాను. పిల్లను పంపనన్నది ఇందుకేనా అనుకున్నాను. నన్ను క్షమించు. దాన్ని ఎత్తుకుని తిరిగిన భుజం నీది.

ఇక మీదట పంతులు చేత నిజం నిజంగా రాయించకు. మనకు చిన్నప్పటి నుంచి కలలు చెప్పుకునే అలవాటు ఉంది కదా. ఏం చెయ్యాలనుకున్నా కలగా చెప్పు. నాకు తెలుస్తుంది.

జమ్ములమ్మ


కోడేరు టపా,
4 జనవరి 1939

చెల్లె జమ్ములమ్మకు,

నీ దగ్గర నుంచి ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. నా మీద కోపం ఉంటే పోనీ. చెంబు మాట నేను అనకుండా ఉండాల్సింది. ఈ మధ్య ఈదమ్మకు ఒంట్లో నలతగా ఉంది. గడీ నుంచి మనిషి వచ్చి చూసి పోయాడు. తగ్గాక గడీకి పంపమన్నారు.

రాసేందుకు వేరే కబుర్లు లేవు. వరుసగా కలలు వస్తున్నాయి. అవే చెబుతాను.

ఒక కలలో మన ఇంటి గుమ్మానికి కంప వేసి ఉంది. నేను బయట నిలబడి, ఇంట్లో ఎవరూ లేరు కదా అనుకుంటున్నాను. లోపల నుంచి పిల్ల దగ్గు వినిపించింది. మనుషులుండగానే కంప వేసి ఉంది. అలా ఎన్నాళ్లు వేసి ఉంచగలను అని కలలోనే ఏడ్చాను.

రెండో కలలో మేము గద్వాల పోతున్నాం. మాఘ పున్నమి దాటిన మంగళవారం. నీకు పేరు పెట్టుకున్న జమ్ములమ్మ తల్లికి మొక్కు ఉంది కదా, పిల్లకు నయం కావాలని గడీలో అడిగి బయలుదేరాం. పుట్టిలో కృష్ణ దాటుతున్నాం. నీళ్ల మీద ఎండ పడి పిల్ల మొహం వెలుగుతోంది. జాతరలో గాజుల దుకాణాల వరస చివర, పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు, నువ్వు నిలబడి ఉన్నావు. నేను పిల్ల చెయ్యి వదిలాను. జనం కమ్ముకున్నారు. కళ్లు తెరిస్తే చెయ్యి ఖాళీగా ఉంది.

ఈ కలను వాగుకు చెప్పలేదు. నీళ్లు లేవు. నీకే చెబుతున్నాను.

బక్కయ్య వేలిముద్ర

పంతులు కలుపుతున్నది: మీ అన్న ఇంత పొడుగు కల ఎప్పుడూ చెప్పలేదు. వారం, వేళ తప్పు పోకుండా రాశాను.


హైదరాబాదు,
17 జనవరి 1939

అన్నకు మొక్కులు.

పిల్లకు నలత అని తెలిసి బాధపడ్డాను. తల్లికి మొక్కుకోవడం మంచిదే. నేను రాలేను, బడిలో సెలవు దొరకదు.

నీ కల చదివి ఆశ్చర్యపోయాను. నాకూ అదే కల వచ్చింది. గాజుల వరస చివర నేను ఆకుపచ్చ చీర కట్టుకుని, బూబమ్మ ఇచ్చిన నల్ల బురఖా మీద వేసుకుని ఉన్నాను. పిల్ల నన్ను గుర్తుపట్టలేదు. నేను ముసుగు ఎత్తి "మబ్బు మీదికెల్లి వచ్చిన బిడ్డా" అంటే అప్పుడు గుర్తుపట్టింది. అన్న దూరంగా నిలబడి వెనక్కి తిరగకుండా పోతున్నాడు. పిలవాలనుకున్నాను. ఈసారి గొంతు రానిది నాకు.

వదినెను అడిగినట్టు చెప్పు.

జమ్ములమ్మ


కోడేరు టపా,
12 ఫిబ్రవరి 1939

చెల్లె జమ్ములమ్మకు,

ఎలా చెప్పాలో తెలియడం లేదు. నీ బిడ్డ పోయింది. మంగళవారం నాడు గద్వాల జాతరలో నా చెయ్యి విడిచింది. పొద్దు గూకే దాకా వెతికాను. గాజుల దుకాణాల వాళ్లను, పుట్టి నడిపేవాళ్లను, అందరినీ అడిగాను. పట్నం దొంగలు ఎత్తుకుపోయారని జనం అంటున్నారు. నేను ఎప్పుడూ భయపడింది అదే, అదే జరిగింది.

గడీలో నన్ను పగలంతా ఎండలో నిలబెట్టి అడిగారు. "జాతరల చెయ్యి ఇడిసింది దొరా, పట్నపోళ్లే ఎత్తుకపోయిండ్రు" అన్నాను. పంతులు ముందుకు వచ్చి, పత్రికలో ఇలాంటివి నెలకు రెండు వస్తున్నాయని, నా గోడ మీద గీతలు కూడా ఉన్నాయని చెప్పాడు. దొర మనుషులు వచ్చి గోడ చూసి పోయారు. తర్వాత నన్ను వదిలారు.

ఈ కింది మాటలు ఏ కలా కాదు. ఇంట్లో చిన్న రొట్టె చేయడం మీ వదినె మానలేకపోతోంది. చేసి, చూసి, మళ్లీ నాకే పెడుతుంది. మంచె ఖాళీగా ఉంది. గుమ్మానికి కంప తీసేశాను. ఇక లోపల కాచుకోవడానికి ఎవరూ లేరు. మూడేళ్లు పెంచిన పిల్ల చెయ్యి వదలడం ఎంత కష్టమో నాకు ముందు తెలియదు.

గోడ మీద మన ఊరి పేరున మొదటి గీత గీశాను.

బక్కయ్య వేలిముద్ర


హైదరాబాదు,
26 ఫిబ్రవరి 1939

అన్నా,

నీ ఉత్తరం చదివి గుండె పగిలేలా ఏడ్చాను. చుట్టుపక్కల వాళ్లు వచ్చి కూర్చున్నారు. నిన్ను నేను తప్పుపట్టను. నువ్వు కూడా నిన్ను తప్పుపట్టుకోవద్దు.

ఏడ్చి ఏడ్చి కళ్లు మూతపడితే కలలో బిడ్డ కనిపిస్తోంది. రైలు కిటికీలో నుంచి మబ్బులను లెక్కపెడుతోంది. పట్నంలో దిగాక తెల్ల రోడ్డు మీద కాలు పెట్టడానికి భయపడి, వెచ్చగా ఉందని తెలిశాక మళ్లీ మళ్లీ నడిచింది. దేవరాజును చూసి మొదట నా కొంగు వెనక దాక్కుంది. బూబమ్మ దానికి తలంటు పోసింది. టీచరమ్మ పలక ఇచ్చింది. "అ" రాయడానికి ముందు పలక మీద నిలువుగా గీతలు గీస్తుంది. ఎందుకే అంటే "మామ గోడ మీద గట్లనే గీస్తడు" అంటుంది. పొద్దున మేము పనికి, బడికి బయలుదేరేటప్పుడు తాళం వేస్తే ఊరుకోదు. తాళం మీద ఒక ముల్లుకొమ్మ దోపి వస్తుంది. బూబమ్మ ఇప్పుడు దాన్ని తీసి పారేయడం లేదు.

ఇదంతా కలేలే. నువ్వు కూడా ఇలాంటి కలే కను.

టీచరమ్మ పత్రిక తెచ్చి చూపించింది. జాతరలో బాలిక అపహరణ అని ఉంది. నా బిడ్డ పేరు అచ్చులో చూడటం నాకు అదే మొదలు. ఎత్తుకుపోయినవాళ్లు కర్నూలు బండి ఎక్కుతుండగా చూసినవాళ్లు ఉన్నారని రాశారు. దాంతో జనం కర్నూలు వైపు వెతుకుతున్నారట. పట్నం వైపు ఎవరూ రావడం లేదు. అలా చూసిన మనిషి ఎవరో నాకు అర్థం కావడం లేదు. తెలిస్తే ఆ మనిషికి నా మొక్కులు చెప్పు.

జమ్ములమ్మ


కోడేరు టపా,
14 మార్చి 1939

చెల్లె జమ్ములమ్మకు,

నీ కల విన్నాను. పంతులును మళ్లీ చదవమన్నాను, మళ్లీ చదివాడు. పలక మీద గీతల దగ్గర మూడోసారి కూడా చదివించుకున్నాను. మీ వదినె ఈ రోజు చిన్న రొట్టె చేయలేదు.

నేను అటు రాలేను. వస్తే గడీ మనిషి వెనక వస్తాడు. పిల్ల ఇటు రాకూడదు. కాబట్టి మనకు మిగిలింది కలలే. నెలకు ఒకటి తప్పకుండా రాయి.

పెళ్లి అయిపోయింది. చాకలి మాసయ్య బిడ్డను పల్లకి వెనక నడిపించారు. ఏడుస్తూ పోయింది. ఊరంతా నిలబడి చూశాం. ఆ గీత ఎక్కడ గీయాలో తెలియక బొగ్గు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి పట్నం గీతలన్నీ పేడ పూసి చెరిపేశాను. ఇప్పుడు గోడ మీద రెండే ఉన్నాయి. మొదట గీసింది మన అక్కది, రెండోది మాసయ్య బిడ్డది. నీ లెక్క టీచరమ్మను మళ్లీ వేయమని చెప్పు. నాలుగు వందల మందికి రెండు.

బక్కయ్య వేలిముద్ర

పంతులు కలుపుతున్నది: అమ్మా, కర్నూలు బండి ఎక్కుతుండగా చూసిందెవరని అడిగారు. పత్రికకు ఈ ఊరి వార్తలు రాసి పంపేది నేనే. ఆ మంగళవారం నేను గద్వాలకు రాలేదు, ఇక్కడ బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతున్నాను. దొర ఆ వార్తను నా చేత రెండుసార్లు చదివించుకుని, పట్నం దొంగలను తిట్టి, మనుషులను కర్నూలు పంపారు. మీ అన్న కలలు చెబుతుంటే రాసిన చెయ్యి నాది. నాకూ అదే కల వచ్చిందమ్మా.